తల్లి సాక్ష్యం: జీవుడు గర్భంలోకి ఎప్పుడు వస్తాడు?



ఈ స్మారకోపన్యాసం ఒక ప్రసూతి వైద్యురాలి పేరిట జరుగుతోంది. జీవితమంతా కాన్పుల గదిలో గడిపిన ఆ మహాతల్లి స్మృతికి ఏ విషయం తగుతుందా అని ఆలోచించాను. కడుపులో పెరుగుతున్న పిండం ఎప్పుడు మనిషి అవుతుంది, జీవుడు అందులోకి ఎప్పుడు వస్తాడు అనే ప్రశ్నను మించినది నాకు తోచలేదు. ఋషులు అడిగారు, వైద్యులు అడిగారు, రబ్బీలు, పోప్‌లు, ఇస్లామీ న్యాయపండితులైన ఫకీహులు అడిగారు. ఇవాళ న్యాయమూర్తులు అడుగుతున్నారు. నెల తప్పిన ప్రతి స్త్రీ ఎవరికీ చెప్పకుండా తనలో తాను అడుగుతూనే ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ ప్రశ్నకు మతాలు ఒక్క జవాబు చెప్పలేదు. ఒకే మతంలో కూడా జవాబు ఒకటి కాదు. కానీ ఆ జవాబులన్నిటి కింద ఒక సాక్ష్యం ఉంది. అది తల్లి సాక్ష్యం. గ్రంథాలు ఆ సాక్ష్యాన్ని వాడుకున్నాయి కానీ సాక్షిని చాలాసార్లు సభలోకి పిలవలేదు. ఆమెను మళ్ళీ సభలోకి పిలవడమే ఇవాళ్టి నా ప్రయత్నం.

మన గ్రంథాలు చెప్పిన జవాబులు

ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో పాంచాల రాజు ప్రవాహణ జైవలి, శ్వేతకేతుడి తండ్రి గౌతముడికి పంచాగ్ని విద్య చెబుతాడు. ద్యులోకం, పర్జన్యుడు, భూమి, పురుషుడు, స్త్రీ అనే ఐదు అగ్నులలో వరుసగా ఆహుతి పడుతుంది. చంద్రలోకంలో పుణ్యం తీరిన జీవుడు మేఘమై, వానై, నేల మీద వరిగా, యవలుగా, నువ్వులుగా, మినుములుగా పుట్టి, అన్నం ద్వారా తండ్రిలోకి, అక్కడినుంచి తల్లిలోకి చేరతాడు. ఈ లెక్కన గర్భంలోకి రావడం ఒక సుదీర్ఘ ప్రయాణంలో చివరి మజిలీ మాత్రమే. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం మొదటి పాదం ఈ ప్రయాణాన్నే విచారించింది. ఆ వరిగింజలో మరో జీవుడు ముందే ఉంటాడు, దిగివచ్చేవాడు దానికి అంటుకుని ఉంటాడే తప్ప వరిగింజ పడే బాధను తాను అనుభవించడని తేల్చింది.

ఐతరేయోపనిషత్తు మనిషికి మూడు జన్మలు చెప్పింది. తండ్రి నుంచి తల్లిలోకి చేరడం మొదటిది, తల్లి నుంచి బయటపడటం రెండోది, ఈ లోకం విడిచి మళ్ళీ పుట్టడం మూడోది. గర్భంలో ఉండగానే ఈ సత్యాన్ని ఎరిగినవాడు వామదేవుడు. ఈ ఉపనిషత్తు దగ్గరికి తర్వాత మళ్ళీ వస్తాను.

వైద్యుల చర్చ మరింత సూటిగా నడిచింది. చరకసంహిత శారీరస్థానంలో గర్భావక్రాంతి పేరుతోనే రెండు అధ్యాయాలున్నాయి. శుక్రం, శోణితం, జీవుడు ఈ మూడూ కుక్షిలో కలిసినప్పుడే దానికి గర్భమని పేరు. జీవుడు లేని కలయిక చరకుడి దృష్టిలో గర్భమే కాదు. అక్కడ భరద్వాజుడు ఆత్రేయుణ్ణి గట్టిగానే నిలదీస్తాడు. తల్లిదండ్రులే బిడ్డను పుట్టించగలిగితే కోరుకున్నవాళ్ళందరికీ పిల్లలు పుట్టరేం? ఆత్మే తనను తాను పుట్టించుకుంటే చెడ్డ పుట్టుక ఎందుకు ఎంచుకుంటుంది? ఆత్రేయుడి సమాధానం ఒక్క కారణంతో ఆగదు. తల్లి, తండ్రి, ఆత్మ, సాత్మ్యం (ఒంటికి సరిపడేది), ఆహారరసం, మనస్సు ఈ ఆరూ కూడితేనే గర్భం. ఏ ఒక్కదానికీ ఒంటరి అధికారం లేదు. రెండు వేల ఏళ్ళ కిందటి ఈ మాటలో మన కాలానికి పనికివచ్చే వివేకం ఉంది. మనిషి ఒక క్షణంలో ఒక కారణం వల్ల తయారయ్యే వస్తువు కాడు.

సుశ్రుతుడు హృదయం వైపు చూశాడు. చైతన్యానికి స్థానం హృదయం, హృదయం నాలుగో నెలలో స్పష్టపడుతుంది కనుక చేతనాధాతువు అప్పుడే వ్యక్తమవుతుంది. రెండు హృదయాలు మోస్తున్న ఆ స్త్రీ దౌహృదిని. గర్భంలో ఏ అవయవం ముందు పుడుతుందన్న వాదం కూడా ఆ అధ్యాయంలో ఉంది. శౌనకుడు తల అన్నాడు, కృతవీర్యుడు గుండె అన్నాడు, పారాశర్యుడు నాభి అన్నాడు, మార్కండేయుడు కాళ్ళూచేతులూ అన్నాడు. అన్నీ ఒకేసారి మొదలవుతాయి, మరీ చిన్నవి కావడం వల్ల మనకు కనబడవు అన్నది ధన్వంతరి తీర్పు.

గర్భోపనిషత్తు ఏడో నెల అంటుంది. ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుడగ, పక్షానికి పిండం, నెలకు గట్టిపడటం, రెండో నెలలో తల, మూడో నెలలో పాదాలు, ఆరో నెలలో ముఖం, ముక్కు, కళ్ళు, చెవులు, ఏడో నెలలో జీవుడితో కూడిక. తొమ్మిదో నెలలో ఆ జీవుడికి వెనకటి జన్మలన్నీ గుర్తుకొస్తాయి. ఎన్ని తల్లుల పాలు తాగానో అని వగచి, ఈసారి బయటపడితే మోక్షమార్గం పట్టుకుంటానని ప్రతిజ్ఞ చేస్తాడు. పుట్టగానే వైష్ణవ వాయువు తాకి అంతా మరచిపోతాడు. భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు దేవహూతికి చెప్పినదీ దాదాపు ఇదే. ఏడో నెల నుంచి తెలివి కలిగిన జీవుడు గర్భంలో తలకిందులుగా ఉండి భగవంతుణ్ణి ప్రార్థిస్తాడు. పోతన తెనిగించిన ఆ ఘట్టం తెలుగు లోగిళ్ళలో పురాణ కాలక్షేపంగా తరతరాలు వినబడింది.

చరకుడు మొదటి క్షణం అన్నాడు, సుశ్రుతుడు నాలుగో నెల అన్నాడు, గర్భోపనిషత్తు ఏడో నెల అంది. వీళ్ళు ఒకరినొకరు ఖండించుకున్నారని నేను అనుకోను. ముగ్గురూ వెదికినవి వేరు. గర్భం నిలవడానికి కారణమేమిటని చరకుడు వెదికాడు. చైతన్యం ఎక్కడ కుదురుకుంటుందని సుశ్రుతుడు వెదికాడు. కర్మఫలాన్ని తలచుకుని బాధపడగలిగే జ్ఞాపకం ఎప్పుడు కలుగుతుందని గర్భోపనిషత్తు వెదికింది. ఆత్మ ఎప్పుడు వస్తుందని అడిగేవాళ్ళు ఆత్మ అంటే ఏమనుకుంటున్నారో ముందు చెప్పాలి. కాలం ఆ తర్వాతే తేలుతుంది.

బౌద్ధం, జైనం

నిత్యమైన ఆత్మే లేదన్న బుద్ధుడికి ఈ ప్రశ్న ఎదురుకాలేదా? ఎదురైంది. మజ్ఝిమ నికాయంలోని మహాతణ్హాసంఖయ సుత్తంలో సాతి అనే భిక్షువు ఒకే విజ్ఞానం జన్మ నుంచి జన్మకు నడిచి పోతుందని వాదిస్తాడు. బుద్ధుడు అతణ్ణి పిలిపించి మందలిస్తాడు. కారణాలను బట్టి పుట్టేదే విజ్ఞానం, తిరుగాడే యాత్రికుడు కాదు అని వివరిస్తాడు. అదే సుత్తంలో గర్భం నిలవడానికి మూడు కావాలంటాడు. తల్లిదండ్రుల కలయిక, తల్లికి ఋతుకాలం, పుట్టబోయే ప్రాణి అయిన గంధబ్బుడి సన్నిధి.

వినయ పిటకం ఈ తాత్త్విక చర్చను సంఘ నియమంగా మార్చింది. తల్లి కడుపులో మొదటి చిత్తం కలిగినప్పటి నుంచీ మనిషే అని లెక్కపెట్టింది. అందుకే భిక్షువుగా పూర్తి దీక్ష అయిన ఉపసంపదకు కావలసిన 20 ఏళ్ళ వయసు పుట్టిననాటి నుంచి కాక గర్భంలో పడిననాటి నుంచి గణించవచ్చని కుమార కస్సపుడనే భిక్షువు సందర్భంలో అనుమతి దొరికింది. మన అమరావతి స్తూప ఫలకాల మీద మాయాదేవి నిద్రిస్తుండగా బోధిసత్త్వుడు తెల్లఏనుగు రూపంలో దిగివచ్చే స్వప్నం చెక్కి ఉంది. బుద్ధుడి కథను పుట్టుక దగ్గర కాకుండా గర్భప్రవేశం దగ్గర మొదలుపెట్టిన ఆ శిల్పులు ఈ తాత్త్విక చర్చకు కృష్ణాతీరపు సాక్షులు.

జైనుల కల్పసూత్రంలో మహావీరుడి గర్భవృత్తాంతం ఉంది. దేవానంద గర్భం నుంచి 82 రోజుల తర్వాత హరిణైగమేషి అనే దేవుడు ఆ పిండాన్ని త్రిశల గర్భంలోకి చేర్చాడంటారు. శ్వేతాంబరులు దీన్ని నమ్ముతారు, దిగంబరులు ఒప్పుకోరు. ఆ తర్వాత జరిగినది చూడండి. తన కదలిక వల్ల తల్లికి నొప్పి కలగకూడదని గర్భస్థుడైన మహావీరుడు కదలకుండా ఉండిపోయాడు. బిడ్డ చనిపోయాడేమోనని త్రిశల తల్లడిల్లింది. ఆమె దుఃఖం ఎరిగి ఆయన కొద్దిగా కదిలాడు. తల్లిదండ్రులు బతికుండగా సన్యసించనని అప్పుడే నిశ్చయించుకున్నాడు. అహింసకు పేరుపడ్డ తీర్థంకరుడి మొదటి అహింస తల్లి మీద జాలి. ఆ బిడ్డ ఉన్నాడో లేడో తెలిసినదీ ఆమెకే.

గ్రీకుల నుంచి చర్చి దాకా

వైద్యుడి కొడుకైన అరిస్టాటిల్ పొదిగిన కోడిగుడ్లను పరిశీలించి, మూడో రోజు దాటేసరికి ఎర్రని చుక్కలా కొట్టుకునే గుండెను చూశాడు. ఆత్మకు ఆయన మూడు అంతస్తులు చెప్పాడు. మొక్కకుండే పోషణ, జంతువుకుండే సంవేదన, మనిషికే ఉన్న బుద్ధి. పిండం ఈ మెట్లన్నీ వరుసగా ఎక్కుతుంది. బుద్ధి మాత్రం బయటినుంచి వస్తుందన్నాడు. మగబిడ్డ 40వ రోజు ప్రాంతంలో, ఆడబిడ్డ 90వ రోజు ప్రాంతంలో తొలిసారి కదులుతుందని కూడా రాశాడు. స్తోయికులకు మరో అభిప్రాయం ఉంది. గర్భంలో ఉన్నంతకాలం పిండం మొక్కలాంటిదేననీ, బయటపడి చల్లని గాలి తగిలినప్పుడే అందులోని ఊపిరి ఆత్మగా మారుతుందనీ క్రిసిప్పస్ అన్నాడు.

యూదుల తాల్ముడ్‌లో 40 రోజుల వరకు గర్భం కేవలం నీరే అనే మాట ఉంది. సన్హెద్రిన్ భాగంలో రోమన్ ప్రభువు ఆంటోనినస్, రబ్బీ యెహూదాల సంభాషణ ఉంది. ఆత్మ ఎప్పుడు వస్తుంది, గర్భం పడినప్పుడా, రూపం ఏర్పడినప్పుడా అని ప్రభువు అడిగాడు. రూపం ఏర్పడినప్పుడు అన్నాడు రబ్బీ. ఉప్పు వేయని మాంసం మూడు రోజులు చెడకుండా నిలుస్తుందా అని ప్రభువు ఎదురు ప్రశ్న వేశాడు. రబ్బీ తన మాట వెనక్కి తీసుకుని, ఇది నాకు ఆంటోనినస్ నేర్పాడని అంగీకరించాడు. అన్యమతస్థుడి దగ్గర నేర్చుకున్నానని ఒక ధర్మశాస్త్రవేత్త చెప్పడం, ఆ మాటను గ్రంథం దాచకుండా భద్రపరచడం ఈ విషయంలో మాట్లాడే ప్రతివాళ్ళూ పాటించవలసిన మర్యాద. అదే తాల్ముడ్‌లో మరో కథనం ఉంది. గర్భంలో బిడ్డ తలమీద దీపం వెలుగుతుంటుంది, లోకం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తుంది, తోరా అంతా నేర్చుకుంటుంది. బయటికి వచ్చే వేళ దేవదూత నోటిమీద కొట్టగానే మరచిపోతుంది. గర్భోపనిషత్తును ఎరగని నేలమీద అదే ఊహ ఎలా మొలిచిందో! మనిషి పుట్టుకతో ఏదో ఉన్నతమైనది మరచి వస్తాడన్న భావన ఒక జాతి సొత్తు కాదని దీనివల్ల తెలుస్తుంది.

క్రైస్తవంలో దారులు ఇంకా చీలాయి. ఆత్మ కూడా తల్లిదండ్రుల నుంచే సంక్రమిస్తుందని తెర్తుల్లియన్ నమ్మాడు. నిస్సాకు చెందిన గ్రెగరీ, శరీరమూ ఆత్మా ఒకే క్షణంలో మొదలవుతాయన్నాడు. అంతటి ఆగస్టిన్ ఆత్మ ఎలా వస్తుందన్న విషయం తనకు తేలలేదని జీవితం చివరిదాకా ఒప్పుకుంటూనే ఉన్నాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అరిస్టాటిల్ మెట్లను తీసుకుని, శరీరం తగిన రూపు దిద్దుకున్నాకే దేవుడు బుద్ధిగల ఆత్మను సృష్టించి ఇస్తాడని సిద్ధాంతం చేశాడు. చర్చి శిక్షాస్మృతి కూడా ఇటూ అటూ ఊగింది. 1588లో పోప్ ఐదో సిక్స్టస్ ఏ దశలోని గర్భస్రావానికైనా ఒకటే శిక్ష అన్నాడు. మూడేళ్ళకే, 1591లో, పద్నాలుగో గ్రెగరీ ఆత్మ రాని పిండం, ఆత్మ వచ్చిన పిండం అనే పాత తేడాను తిరిగి తెచ్చాడు. 1869లో తొమ్మిదో పయస్ ఆ తేడాను మళ్ళీ తీసివేశాడు. ఇవాళ కాథలిక్ చర్చి గర్భం పడిన క్షణం నుంచీ రక్షణ కోరుతుంది. అయినా 1974 నాటి ప్రకటనలోనూ, 1987 నాటి బోధలోనూ ఆత్మ ప్రవేశించే క్షణం గురించి తాత్త్విక తీర్పు ఇవ్వకుండానే ఆ నైతిక వైఖరి తీసుకుంది. ఆత్మ ఉండే అవకాశం ఉన్నచోట ప్రమాదానికి ఒడిగట్టరాదన్నది వారి వాదం. ఆ వాదంతో ఏకీభవించకపోయినా అందులోని నిజాయితీని గుర్తించాలి.

120 రోజులు

ఖురాన్ 23వ అధ్యాయం గర్భదశలను వరుసగా చెబుతుంది. బిందువు, అతుక్కునే గడ్డ, మాంసపు ముద్ద, ఎముకలు, వాటికి తొడిగిన కండ, ఆ పైన మరొక సృష్టి. ఇబ్న్ మస్ఊద్ ద్వారా వచ్చిన ప్రసిద్ధ హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. 40 రోజుల చొప్పున మూడు దశలు గడిచాక దేవదూత వచ్చి రూహ్ (ఆత్మ) ఊదుతాడు. ఆ బిడ్డ జీవనోపాధి, ఆయుష్షు, కర్మలు, సౌభాగ్యమో దౌర్భాగ్యమో అనే నాలుగూ రాస్తాడు. ముస్లిం సంకలనంలోని మరో హదీసు 42 రాత్రుల మాట చెబుతుంది. ఈ తేడా నుంచే న్యాయశాఖల తేడా వచ్చింది. హనఫీ పండితులలో చాలామంది 120 రోజుల లోపు తగిన కారణముంటే వెసులుబాటు ఇచ్చారు. మాలికీలు తొలినాళ్ళ నుంచే కఠినంగా ఉన్నారు. 120 రోజులు దాటాక తల్లి ప్రాణం మీదికి వస్తే తప్ప కూడదన్న దగ్గర దాదాపు అందరూ కలిశారు.

నాలుగో నెల

ఇప్పుడు ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. సుశ్రుతుడి నాలుగో నెల. ఇస్లాం 120 రోజులు. ఆపస్తంబ గృహ్యసూత్రం తొలిచూలుకు సీమంతం చెప్పినదీ నాలుగో నెలలోనే. పరాశరస్మృతి నాలుగో నెలదాకా జారితే స్రావం, ఐదారు నెలల్లో పోతే పాతం, ఆ పైన ప్రసవం అని వేరుచేసిందీ ఆ గీత దగ్గరే. ఇంగ్లిష్ న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టోన్, తల్లి కడుపులో బిడ్డ కదలగలిగిన నాటి నుంచే చట్టం దృష్టిలో ప్రాణం మొదలని రాశాడు.

వీళ్ళంతా ఒకరిని చూసి ఒకరు రాశారా? కొన్నిచోట్ల అయి ఉండవచ్చు. కానీ అసలు కారణం అంతకన్నా సరళమైనదని నా నమ్మకం. చివరి నెలసరి మొదలైన నాటి లెక్కన, తొలిచూలు స్త్రీకి బిడ్డ కదలిక 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది. తర్వాతి కాన్పులలో 16 వారాలకే తెలియవచ్చు. గర్భం పడిననాటి నుంచి 120 రోజులంటే ఆ లెక్కన సుమారు 19 వారాలు. తల్లి చేయి కడుపు మీద వేసుకుని, బిడ్డ కదిలిందని పక్కనున్న అత్తకో అమ్మకో చెప్పే సమయం అది. సూక్ష్మదర్శిని, స్కానింగ్ లేని కాలంలో లోపల మరొకరున్నారని లోకానికి తెలిసే దారి ఆమె మాట ఒక్కటే. తాత్త్వికులు ఆత్మ ప్రవేశమని రాసినది, తల్లి కదలికగా చెప్పినదే.

చరకుడు దీన్ని ఒప్పుకున్నాడు కూడా. ఇంద్రియాలు ఏర్పడగానే గర్భం స్పందిస్తుంది, వెనకటి జన్మలో ఎరిగినవాటిని కోరుతుంది, ఆ కోరికలు తల్లి నోట వినబడతాయి కనుక వాటిని కాదనకూడదు అన్నాడు. మన ఇళ్ళలో చూలాలు అడిగినది పెట్టాలనే ఆచారం వెనక ఇంత తత్త్వం ఉంది. లూకా సువార్తలో మరియ పలకరింపు వినగానే ఎలీసబెతు కడుపులో ఆరో నెల బిడ్డ గంతులేసినట్లు చెప్పినదీ ఆ తల్లే.

అయినా గ్రంథాలు ఆమెను ఎలా చూశాయి? ఐతరేయంలో గర్భతత్త్వం చెప్పే అధ్యాయానికి ముందు, గర్భిణులు ఇక్కడినుంచి లేచి వెళ్ళాలన్న సూచన కనబడుతుంది. ఎవరి కడుపు గురించి మాట్లాడుతున్నారో వారినే బయటికి పంపారు. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడి బోధ ప్రహ్లాదుడి తల్లి విన్నది, కడుపులోని ప్రహ్లాదుడూ విన్నాడు. కొడుక్కు గుర్తుండిపోయింది, చాలాకాలం గడిచినందువల్లా, స్త్రీ అయినందువల్లా తల్లి మరచిపోయిందని ఆ గ్రంథం చెబుతుంది. భాగవతాన్ని ప్రాణంగా చదువుకున్న నాకు ఆ ఒక్క కారణం దగ్గర మనసు ఒప్పదు. అరిస్టాటిల్ ఆడబిడ్డ కదలికను 50 రోజులు వెనక్కి నెట్టాడు. ఇవన్నీ ఆత్మ గురించిన సత్యాలు కావు. రాసినవాళ్ళ కాలపు పక్షపాతాలు.

సూక్ష్మదర్శిని వచ్చాక

1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ క్షీరదాల అండాన్ని చూశాడు. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్‌లో అండమూ శుక్రకణమూ కలవడం చూశాడు. అప్పటినుంచి సాక్ష్యం తల్లి చేతుల్లోంచి ప్రయోగశాలకు వెళ్ళింది. గర్భం పడటమనేది కంటికి కనిపించే ఘటన అయింది కనుక ప్రాణానికి ఆరంభం అక్కడేనని వాదించడం సులువైంది.

కానీ జీవశాస్త్రం ఒక క్షణాన్ని చూపి ఊరుకోలేదు. ఫలదీకరణానికే దాదాపు ఒక రోజు పడుతుంది. పిండం గర్భాశయానికి అంటుకునేది ఆరో రోజు నుంచి పదో రోజు మధ్య. రెండు వారాల లోపు ఒకే పిండం చీలి కవలలు కావచ్చు, రెండు పిండాలు కలిసి ఒకటీ కావచ్చు. మొదటి క్షణంలోనే ఒక ఆత్మ వచ్చి ఉంటే, చీలినప్పుడు రెండోది ఎక్కడినుంచి వచ్చింది? కలిసినప్పుడు ఒకటి ఎక్కడికి పోయింది? ఈ చిక్కు మన పూర్వులకు బొత్తిగా తెలియనిది కాదు. వాయువు చేత బీజం రెండుగా విడివడితే కవలలు కలుగుతారని గర్భోపనిషత్తులోనే ఉంది. 1978 జూలై 25న ఇంగ్లండులో ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టింది. ఆ అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. ప్రయోగశాలలోని పిండాలకు హద్దు ఎక్కడన్న ప్రశ్న అప్పుడు లేచింది. 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ 14 రోజులన్నది. వెన్నెముకకు తొలి రేఖ కనబడేది, కవలలుగా చీలే అవకాశం ముగిసేది ఇంచుమించు అప్పుడే కనుక ఆ గీత గీశారు.

చట్టాలూ తమ తమ గీతలు గీశాయి. 1860 నాటి మన శిక్షాస్మృతి 312వ సెక్షను గర్భస్రావానికి మూడేళ్ళ దాకా శిక్ష వేసి, బిడ్డ కదలిక తెలిసిన స్త్రీ విషయంలో దాన్ని ఏడేళ్ళ దాకా పెంచింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ తేడాను అలాగే ఉంచింది. సుశ్రుతుడు, హదీసు, బ్లాక్‌స్టోన్ గీసిన ఆ పాత గీత ఇప్పటికీ మన చట్టంలో నిలిచి ఉంది. దానికి మినహాయింపుగా వచ్చిన 1971 చట్టం ఆత్మ ప్రస్తావన తేకుండా స్త్రీ ఆరోగ్యం, వైద్యుల అభిప్రాయం మీద నిలబడింది. 2021 సవరణతో 20 వారాల దాకా ఒక వైద్యుడి అభిప్రాయం, కొన్ని సందర్భాలలో 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయం చాలు. ఆ తర్వాత తీవ్రమైన పిండలోపాలుంటే మెడికల్ బోర్డు నిర్ణయించాలి. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెళ్ళికాని స్త్రీలకూ ఈ హక్కు సమానమేనని చెప్పింది. అదే ఏడాది జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి తీర్పును కొట్టివేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. జార్జియాలో ఆరు వారాల దగ్గర, గుండె స్పందన పేరుతో గీత గీశారు. టెక్సస్‌లో దాదాపు పూర్తి నిషేధం. ఆ రాష్ట్రాలలో కాపురముంటున్న మన తెలుగు ఆడపిల్లలకు ఈ చర్చ గ్రంథాలయంలోది కాదు. నొప్పితో ఆసుపత్రికి వెళ్ళిన రాత్రి ఎదురయ్యేది.

మన ముందున్న బాధ్యత

ఆత్మ ఎప్పుడు వస్తుందో నిర్ణయిస్తే తప్ప ధర్మం తేలదని చాలామంది అనుకుంటారు. సంప్రదాయాలను దగ్గరగా చదివితే అవి అలా నడవలేదని కనబడుతుంది. తొలిక్షణం నుంచీ జీవుడున్నాడన్న ధర్మశాస్త్రం భ్రూణహత్యను మహాపాతకమంది. అయినా గర్భం జారితే ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రుల మైల అని మనుస్మృతి చెప్పింది. అంటే బంధం నెలనెలా బలపడుతుందని, దుఃఖం కూడా దానితో పెరుగుతుందని ఒప్పుకుంది. ప్రసవం అడ్డుపడి తల్లి ప్రాణం పోయేలా ఉంటే, తల బయటికి రాకముందు తల్లినే కాపాడాలని యూదుల మిష్నా చెప్పింది. బతికున్న గర్భం మీద శస్త్రం వాడితే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారని సుశ్రుతుడు హెచ్చరించాడు. పద్ధతులు వేరైనా తల్లిని లెక్కలోంచి తీసేసి ఎవరూ ధర్మం చెప్పలేదు. జీవుడి రాక గురించి తెలియనిది చాలా ఉన్నా, బాధ్యత ఎప్పుడు మొదలవుతుందో వాళ్ళకు తెలుసు. గర్భం నిలిచిన నాడే అది మొదలవుతుంది, నెలలతో పాటు బరువెక్కుతుంది, తల్లి ద్వారానే బిడ్డకు చేరుతుంది.

ఐతరేయం దగ్గరికి మళ్ళీ వస్తానన్నాను. గర్భిణులను బయటికి పంపిన ఆ ఉపనిషత్తే, గర్భాన్ని తనలో భాగంగా చేసుకుని పోషించే ఆ స్త్రీని మనం పోషించాలని విధించింది. గర్భతత్త్వం చెబుతూనే గర్భిణి పట్ల కర్తవ్యం చెప్పిన ఆ వాక్యం నాకు ఈ విషయంలో ప్రమాణం.

దాన్నిబట్టి మూడు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, కడుపు పోయిన తల్లి దుఃఖం. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డ పోతే, ఏముందిలే మళ్ళీ పుడతారు అని రెండు రోజులకే ఆమెను పనిలో పెడతాం. పేరు లేదు, తలచుకునే రోజు లేదు, ఏడవడానికి చోటు లేదు. మనం ఎగతాళి చేసే ఆ మైల నియమంలో కనీసం నెలకొక రాత్రి ఆమె దుఃఖానికి గుర్తింపు ఉంది. ఆచారాన్ని అంటరానితనంగా వాడిన రోజులు పోవాలి. కానీ దాని లోపలి గుర్తింపును పారేయకూడదు. ఇంట్లోవాళ్ళు, వైద్యులు, పనిచేసేచోట పెద్దలు, అందరూ ఆమెకు సెలవూ మాటా మౌనమూ ఇవ్వాలి. పిండంలో ఆత్మ ఉందా లేదా అని వాదించుకునే పండితులు ఆమె ఏడుపు నిజమా కాదా అని వాదించలేరు.

రెండోది, ఆడపిల్ల. 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్ళ లోపు మగపిల్లలు 1000 మంది ఉంటే ఆడపిల్లలు 920 కంటే తక్కువ. లింగ నిర్ధారణ పరీక్షలను నిషేధించే చట్టం 1994లో వచ్చినా పరిస్థితి ఇది. అక్కడ ఎవరూ జీవుడు వచ్చాడా రాలేదా అని అడగలేదు. ఆడజీవుడా మగజీవుడా అనే అడిగారు. ఆత్మకు లింగం లేదని నిత్యం పారాయణ చేసే దేశంలో ఇంతకన్నా పెద్ద నాస్తికత్వం లేదు. భ్రూణహత్యా పాతకం గురించి ఉపన్యసించే ప్రతి వేదిక మీద ముందుగా ఈ మాట చెప్పాలి.

మూడోది, నిర్ణయం. చరకుడు చెప్పిన ఆరు కారణాలలో మొదటిది తల్లి. ఆమె దేహం, ఆహారం, మనస్సు, భయం, ఆశ ఏవీ గర్భానికి బయటివి కావు. కఠిన నిర్ణయం వచ్చినప్పుడు వైద్యుడు, కుటుంబం, చట్టం, విశ్వాసం అన్నీ ఆమె పక్కన కూర్చుని మాట్లాడాలి, ఆమె మీద కూర్చుని కాదు. నమ్మకమున్న స్త్రీ తన నమ్మకం ప్రకారం గర్భాన్ని కాపాడుకోవడానికి ఎంత గౌరవమో, మరో నిర్ణయం తీసుకోవలసి వచ్చిన స్త్రీకి అంత గౌరవమూ దక్కాలి. శాస్త్రాలే ఏకాభిప్రాయానికి రాని విషయంలో ఒక సంప్రదాయపు ఒక్క గీతను తెచ్చి అందరి మీద రుద్దడం ఆ శాస్త్రాలకే అన్యాయం.

ఆత్మ గురించి నాకున్న విశ్వాసాన్ని దాచుకోను. జీవుడున్నాడని, అతని రాక మన లెక్కలకు అందనిదని నమ్ముతాను. అందుకే ఆ రాకకు తేదీ వేసేవాళ్ళకన్నా, వచ్చేవాడికి చోటు సిద్ధం చేసేవాళ్ళ మీద నాకు గౌరవం ఎక్కువ. గర్భిణికి కడుపునిండా తిండి, సమయానికి వైద్యం, భయంలేని కాన్పు, ఆమె మాటకు విలువ. ఈ నాలుగూ ఉన్నచోట జీవుడు ఏ నెలలో వచ్చినా అతనికి ఆదరణ దొరుకుతుంది. ఇవి లేనిచోట మొదటి క్షణంలోనే ఆత్మ వచ్చిందని నిరూపించినా ఆ బిడ్డకు ఒరిగేదేమీ లేదు. ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ వైద్యురాలు జీవితమంతా చేసినది ఈ పనే. ఆ పనిని మన ఇళ్ళలో, ఆసుపత్రులలో, శాసనసభలలో కొనసాగించడమే ఆమెకు మనం ఇవ్వగల నివాళి.